సంతకం పెట్టనన్న పెద్దాయన ఇంటికి

వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్ చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ అమెరికా రాజ్యాంగం అసలు ప్రతిని చూడటమంటే కళ్ళు చికిలించుకోవడమే. సిరా వెలిసిపోకుండా ఉండాలని లైట్లు బాగా తగ్గించేశారు. ఎండలో అంతసేపు లైన్లో నిలబడి లోపలికి వెళ్తే, నాలుగు అక్షరాలు పోల్చుకునేలోపు వెనకవాళ్ళు భుజాల మీదికి వచ్చేస్తున్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక మా అల్లుడు ఫోన్లో చూసి చెప్పాడు. ఈ రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో జరిగిన సమావేశానికి వచ్చినవాళ్ళు 55 మంది, సంతకాలు 39. కొందరు మధ్యలోనే ఇళ్ళకి పోయారు. ముగ్గురు మాత్రం 1787 సెప్టెంబర్ 17న చివరి రోజు కూడా అక్కడే ఉండి, కలం ముట్టుకోలేదు. ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ, ఎడ్మండ్ రాండాల్ఫ్, జార్జ్ మేసన్.

సంతకాలు పెట్టినవాళ్ళ ఇళ్ళు చూపిస్తామని అమ్మాయి అప్పటికే ఓ లిస్టు రాసి పెట్టింది. నాకు మాత్రం పెట్టనివాళ్ళ మీదికి మనసు పోయింది. మేసన్ ఇల్లు గన్‌స్టన్ హాల్ వాళ్ళుండే ఆష్‌బర్న్ నుంచి గంట ప్రయాణమే. అక్కణ్ణుంచి అలాగే కిందికి వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ పోతే, ఈ రాజ్యాంగం ఒప్పుకోవాలా వద్దా అని వర్జీనియావాళ్ళు కొట్లాడుకున్న చోటు కూడా చూడొచ్చు. మా ఆవిడ ఈ ప్లాన్ విని, "పాత కొంపలు చూడటానికి ఇంత దూరం రావాలా, మనూళ్ళో లేవా" అంది. తల్లీకూతుళ్ళు మాల్‌కి పోయారు. నేనూ అల్లుడే మిగిలాం.

లార్టన్ దగ్గర ఐ-95 హైవే దిగితే గన్‌స్టన్ రోడ్డు రెండువైపులా చెట్లే. ఇల్లు చూడగానే కొంచెం నిరాశ. ఇటుక గోడలు, ఏటవాలు కప్పు, అంతే. కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న జార్జ్ వాషింగ్టన్ గారి ఇల్లు మౌంట్ వెర్నన్ ఆర్భాటం ముందు ఇదెంత! లోపలికి అడుగు పెట్టాక అభిప్రాయం మారింది. తలుపుల చుట్టూ, కిటికీల పైన చెక్కడం పని చూస్తే మెడ నొప్పి పుడుతుంది. విలియం బక్‌లాండ్ అనే కుర్ర వడ్రంగి ఇంగ్లండ్ నుంచి కొన్నేళ్ళు చాకిరీ చేస్తానని ఒప్పంద పత్రం రాసిచ్చి ఓడెక్కి వచ్చి చేసిన పని అది. ఒక గది చైనా పద్ధతిలో ఉంది. నేను వేలితో ఆ చెక్క అంచు తాకబోతే గైడమ్మ మర్యాదగానే "నో సర్" అంది.

ఆ గైడమ్మ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి, చేతిలో కాగితం లేదు, మేసన్ ఆవిడకి స్వయానా పెదనాన్న అన్నట్టు మాట్లాడుతోంది. కీళ్ళవాతంతో ఎంత బాధపడేవాడో, ఇల్లు కదలాలంటే ఎంత చిరాకో, 1773లో భార్య పోయాక పిల్లలను ఎలా పెంచాడో. ఫిలడెల్ఫియా నుంచి విపరీతమైన కోపంతో తిరిగి వస్తుంటే దారిలో బండి బోల్తా పడి తలకి, మెడకి దెబ్బలు తగిలాయట. ఆ నొప్పులతోనే అక్టోబర్ 7న వాషింగ్టన్‌కి ఉత్తరం రాసి, దాంతోపాటు తన అభ్యంతరాల కాగితం జత చేశాడు. వాషింగ్టన్‌కి ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగుగా ఉన్నవాళ్ళ మధ్య స్నేహం అక్కడితో చెడింది.

అభ్యంతరాల్లో మొదటి మాటే, ఇందులో హక్కుల ప్రకటన లేదని. 1776లో వర్జీనియాకి హక్కుల ప్రకటన రాసినవాడు ఆయనే మరి. కానీ నన్ను పట్టుకున్నది కోర్టుల మీద ఆయన రాసింది. కేంద్రం కోర్టులు రాష్ట్రాల కోర్టులను మింగేస్తాయి, న్యాయం ఖరీదైపోతుంది, జాప్యమవుతుంది, ఉన్నవాడు లేనివాణ్ణి నలిపేస్తాడు అని. ఆవిడ ఇది చెబుతుంటే నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. మూడెకరాల తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. కాజీపేటలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సద్ది మూట కట్టుకుని ఢిల్లీ పోయేవాడు. వాయిదా పడిందని తిరిగొచ్చేవాడు. వకీలు ఫీజుకి అందులోంచే అరెకరం అమ్మాడు. అమెరికాలో 1787లో ఒక భూస్వామి భయపడ్డది మా ఇంట్లో జరిగింది.

టూర్ అయ్యాక వరండాలో గాలికి నిలబడి ఉంటే ఆవిడే వచ్చి ఏ ఊరని అడిగింది. ఖమ్మం అంటే ఎవరికి తెలుస్తుంది, హైదరాబాద్ దగ్గర అన్నాను. "మీ రాజ్యాంగం కూడా రాష్ట్రాలు ఓటు వేసి ఒప్పుకున్నాయా?" అంది. అసలు ప్రశ్న అది. మా దగ్గర అలాంటిదేమీ జరగలేదని చెప్పాను. రాజ్యాంగ సభ 1949 నవంబర్ 26న ఆమోదించింది, అంతే. పైగా మా హైదరాబాద్ సంస్థానం నుంచి ఆ సభలో ఒక్క మనిషి కూడా కూర్చోలేదు. అంతకు మూడు రోజుల ముందు నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు, భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కీ వర్తిస్తుందని. అప్పటికి పోలీసు చర్య అయిపోయి ఏడాది దాటింది, ఆయన చేతిలో ఉన్నది సంతకం ఒక్కటే. మా నాన్నని ఎవరూ అడగలేదు. "అడిగితే ఏమనేవారు?" అంది ఆవిడ. ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. మా నాన్న ఒప్పుకునేవాడే. ఎగిరి గంతేసి ఒప్పుకునేవాడు. ఎందుకంటే మా ఊరి దొర గడీ మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. ఢిల్లీ వెయ్యి మైళ్ళ దూరంలో ఉంది. ఎవరంటే భయం ఉంటుంది?

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పక్కన వంటిల్లు చూశారా? చూడండి" అంది.

అది వేరే కట్టడం. మళ్ళీ కట్టినదే అయినా లోపల పెద్ద పొయ్యి, ఇనుప గుండిగలు, మసి. జూన్ ఎండకి నిప్పు లేకుండానే చెమట పట్టేసింది. మేసన్ ఆ చుట్టుపక్కల పెద్ద బానిస యజమానుల్లో ఒకడు. ఫిలడెల్ఫియాలో నిలబడి బానిసల ప్రతి యజమానీ పుట్టుకతోనే చిన్న నియంత అని తిట్టినవాడు, 1792లో చనిపోయేదాకా తన బానిసలను విడిచిపెట్టలేదు. రిచ్‌మండ్‌లోనైతే ఒకే ఊపిరిలో రెండు ఫిర్యాదులు చేశాడు: బానిసల దిగుమతిని ఇంకో ఇరవై ఏళ్ళు సాగనిస్తున్నారని ఒకటి, ఉన్న బానిసల మీద మన ఆస్తి హక్కుకి హామీ లేదని ఇంకొకటి. ఆ పొయ్యి దగ్గర వండిన మనిషికి కేంద్రం బలపడితే భయమా, రిచ్‌మండ్ బలపడితే భయమా? దొరల భయం వేరు, మన భయం వేరు. అల్లుడు బయట నీడలో నిలబడి పిలుస్తున్నాడు, ఆకలేస్తోందని.

ఇక్కణ్ణుంచి ఐ-95. ఆకొక్వాన్ వంతెన దగ్గర ఆగినవాళ్ళం ఫ్రెడరిక్స్‌బర్గ్ దాకా ఆగుతూనే ఉన్నాం. పక్కన ఎక్స్‌ప్రెస్ లేన్ ఖాళీగా మెరుస్తోంది. కార్లో ముగ్గురుంటే ఫ్రీ, మేం ఇద్దరం. బోర్డు మీద టోల్ రేటు మేం చూస్తుండగానే పెరిగింది. రూపాయల్లోకి మార్చొద్దని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా నా బుర్ర ఆగదు. ఆ డబ్బుతో ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి బస్సులో పోయి రావచ్చు, దారిలో సూర్యాపేటలో టిఫిన్‌తో సహా. ట్రాఫిక్‌ని బట్టి రేటు పెంచడానికి వీళ్ళకి ఎవరిచ్చారు అధికారం అని నేను విసుక్కుంటే, "మేసన్ గారి గాలి సోకింది మీకు" అని అల్లుడు నవ్వాడు.

రిచ్‌మండ్‌లో పార్కింగ్ వెతకడం ఇంకో గోల. ఆస్పత్రి భవనాల మధ్య ఇరుక్కుని మాన్యుమెంటల్ చర్చి ఉంది. తలుపులు మూసి ఉన్నాయి. 1811లో అక్కడ నాటకశాల తగలబడి 72 మంది చనిపోతే, వాళ్ళ మీద కట్టిన చర్చి. ముందు మండపంలో స్మారకం, దాని మీద పేర్లు. అంతకుముందు ఆ చుట్టుపక్కలే ఒక అకాడమీ భవనం ఉండేది. 1788 జూన్‌లో వర్జీనియా సభ చేరింది అందులో. జూన్ 2న మొదలైందని చదివితే అల్లుడు నావైపు చూశాడు, నేను ఆకాశంవైపు చూశాను. మా ఇంట్లో జూన్ 2 గురించి ఎవరూ మాట్లాడరు. అతనిది తెనాలి.

ఆ మూడు వారాలూ నాకైతే సినిమా చూసినట్టే ఉంది. 168 మంది, పైన కిక్కిరిసిన ప్రేక్షకులు. మాటల్లో దిట్ట అయిన వర్జీనియా నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ ఫిలడెల్ఫియాకి పిలిచినా పోలేదు, ఇక్కడ మాత్రం దాదాపు రోజూ లేచాడు. 'మేము ప్రజలం' అనడానికి వీళ్ళెవరు, 'మేము రాష్ట్రాలం' అనాలి గదా అని మొదలుపెట్టాడు. సైన్యం చేతిలో ఉన్న అధ్యక్షుడు రాజు కాకుండా ఆపేదెవరు? రాష్ట్రం వసూలుదారు ఒకడు, కేంద్రం వసూలుదారు ఇంకొకడు, ఇద్దరూ ఇంటి మీద పడితే రైతు ఏమవ్వాలి? అవతల, ఆ రాజ్యాంగం రాయడంలో ముఖ్యుడైన మేడిసన్ పీల గొంతుతో, ఒంట్లో బాగాలేకపోయినా, ఒక్కో క్లాజుకీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. మధ్యలో గవర్నర్ రాండాల్ఫ్ ఉన్నాడే, ఫిలడెల్ఫియాలో సంతకం పెట్టనని భీష్మించినవాడు, ఇక్కడికొచ్చి గోడ దూకేశాడు. హెన్రీ ఎత్తిపొడిస్తే ఇద్దరి మధ్య ద్వంద్వయుద్ధం దాకా పోయింది వ్యవహారం. కొత్త ప్రభుత్వం వచ్చాక రాండాల్ఫ్‌కి మొదటి అటార్నీ జనరల్ పదవి దక్కింది. ఈ భాగం మాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

హెన్రీ చివరి అస్త్రం జూన్ 24న తీశాడు. యుద్ధం వస్తే ఆ వంకతో కాంగ్రెస్ మీ బానిసలందరినీ విడిపించగలదు, జాగ్రత్త అని. గన్‌స్టన్ వంటింట్లో నాకొచ్చిన ప్రశ్నకి ఆయనే సభలో నిలబడి జవాబిచ్చాడు. అదే రోజు ఆయన మాట్లాడుతుండగా గాలివాన వచ్చి సభ అల్లకల్లోలమైందని, ఉపన్యాసం ఆపాల్సి వచ్చిందని షార్ట్‌హ్యాండ్ రాసినాయన నోట్ చేశాడు. మాకైతే ఆ రోజు ఒక్క చినుకు లేదు, చర్చి మెట్లు పెనంలా కాలుతున్నాయి.

మర్నాడు ఓటు. 89–79. ఆరుగురు అటు తిరిగి ఉంటే వాషింగ్టన్ సొంత రాష్ట్రమే బయట ఉండేది. తమాషా ఏమిటంటే, రాజ్యాంగం అమల్లోకి రావడానికి తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, ఆ తొమ్మిదో రాష్ట్రంగా న్యూ హాంప్‌షైర్ నాలుగు రోజుల ముందే ఒప్పేసుకుంది. గుర్రం మీద రావాల్సిన ఆ వార్త రిచ్‌మండ్‌కి ఇంకా చేరలేదు. ఓడినవాళ్ళు ఊరికే పోలేదు. హక్కుల జాబితా ఇరవై, సవరణలు ఇంకో ఇరవై రాసి చేతిలో పెట్టారు. మేడిసన్ తర్వాతి ఏడాది కాంగ్రెస్‌లో సవరణలు ప్రవేశపెట్టాల్సి వచ్చింది. 1791 డిసెంబర్ 15న పది సవరణలూ అమల్లోకి వచ్చాయి. ఇవాళ అమెరికాలో మా అమ్మాయి ఇంటి తలుపు వారెంటు లేకుండా పోలీసులు తెరవకూడదంటే, అది సంతకం పెట్టనన్నవాళ్ళ పుణ్యం కూడా.

రిచ్‌మండ్ పక్కన షార్ట్ పంప్‌లో మనవాళ్ళ హోటల్లో మసాలా దోశ తిన్నాం. దోశ బాగుంది, పల్లీ చట్నీలో పంచదార వేశారు, ఎందుకో. అక్కడ అల్లుడు ఆగలేకపోయాడు. "మామయ్య గారూ, ఒక్కటి చెప్పండి. ఇక్కడ ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్రం అసెంబ్లీ ఒప్పుకోవాలని రాజ్యాంగంలోనే ఉంది. మనకి మూడో అధికరణం, అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరి 30న మా అసెంబ్లీ బిల్లుని తిప్పి పంపితే ఎవరైనా లెక్క చేశారా?"

"మీ అసెంబ్లీ కాదు, మన అసెంబ్లీ. అందులో మావాళ్ళు తక్కువ. ఇక్కడి రూలే అక్కడుంటే మాకు రాష్ట్రం ఏనాటికీ వచ్చేది కాదు" అన్నాను.

"అంటే బలమైన కేంద్రం మీకు పనికొచ్చింది కాబట్టి మంచిది."

"పొద్దున కోర్టు ఖర్చుల గురించి విన్నప్పుడు చెడ్డది. దోశ చల్లారుతోంది, తిను."

అతను ఫోన్ తీసి వర్జీనియా మ్యాపు చూపించాడు, ఇక్కడైతే ఇలా జరగదని. పడమటివైపు వెస్ట్ వర్జీనియా ఉంది గదా, అది ఎలా వచ్చిందో చూడమన్నాను. అంతర్యుద్ధం మధ్యలో, 1863 జూన్ 20న. రిచ్‌మండ్‌లో ఉన్న ప్రభుత్వం తిరుగుబాటులో ఉంది, దాన్ని అడగలేదు. వీలింగ్ అనే ఊళ్ళో కేంద్రంవైపు ఉన్నవాళ్ళు మేమే అసలు వర్జీనియా ప్రభుత్వం అని ఇంకోటి పెట్టుకున్నారు. చీలికకి సమ్మతి ఇచ్చింది అదే.

అల్లుడు రెండుసార్లు చదివాడు. "అయితే ఇక్కడ కూడా మేనేజ్ చేశారన్న మాట" అని, సర్వర్‌ని పిలిచి ఫిల్టర్ కాఫీ రెండు చెప్పాడు. ఒక్కోటి ఐదు డాలర్లు.