ఇంకా 59 మీటర్లు: గుట్ట మీది ఊరి ఎక్కుడులో ఆరో ప్రయత్నం

ఈ ఆదివారం కూడా గుట్ట మీది పాత ఊరి రాతి ద్వారం దాకా సైకిల్ దిగకుండా చేరలేకపోయాను. మొత్తం 340 మీటర్ల పొడవున్న ఎక్కుడులో 281 మీటర్ల దగ్గర వెనుక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది, కాలు కింద పెట్టక తప్పలేదు. మిగతా దారిలో చెప్పుకోదగ్గవి రెండే. రెండో ఊరి రాతి పలకల వీధిని తడిలో కూడా దిగకుండా దాటడం ఇదే మొదటిసారి; టైరులో దిగిన ముల్లు చేసిన రంధ్రాన్ని సీలెంట్ (టైరు లోపల పోసి ఉంచే జిగురు ద్రవం) తనంతట తానే మూసింది. మొత్తం 46 కి.మీ. దారి, అన్ని ఎక్కుళ్లూ కలిపి 780 మీటర్ల ఎత్తు, మూడు పాత ఊళ్లు. అన్నీ సాఫీగా సాగాయి, ఆ 59 మీటర్లు తప్ప.

దారి గీసుకున్నప్పుడు ప్లానర్ ఇక్కడ గరిష్ఠ వాలు 11 శాతమని చూపింది. నమ్మకం కుదరక, మీటరు పొడవున్న తిన్నని కర్ర మీద రసమట్టం పెట్టి స్వయంగా కొలిచాను. మొదటి 220 మీటర్లలో మీటరుకు 10 నుంచి 11 సెంటీమీటర్ల ఎత్తు, ఆ తర్వాత 16, నీటి కోత పక్కన ఉన్న మలుపులో 18. ఇలాంటి ప్లానర్లు వాడే ఉచిత ఎత్తుల పటాలలో ప్రసిద్ధమైన ఎస్‌ఆర్‌టీఎం పటం 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసినది, అందులో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు. కాబట్టి ఇలాంటి పొట్టి, నిటారు ముక్కలు అందులో చదునైపోతాయి. కొండ ఊళ్ల దారులకు ప్లానర్ చెప్పే శాతానికి మూడో వంతు కలుపుకొని బయలుదేరడం ఇప్పుడు నాకు అలవాటైంది.

నేను 71 కిలోలు, నీళ్లు, సంచితో కలిపి సైకిల్ 12 కిలోలు. టైర్లు 40 మిల్లీమీటర్లవి. మొదట అనుమానం గాలి మీదికే పోయింది కనుక, ఐదు ప్రయత్నాలలో వెనుక టైరు గాలి ఒక్కటే మార్చాను. 40 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడికి కొలత)తో 228 మీటర్లు, 35తో 241, 30తో 268, 27తో 270, 24తో 269 మీటర్లు చేరాను. చివరిసారి రిమ్ ఒక రాయికి గట్టిగా తగిలింది కూడా. అంటే 30 దాకా గాలి తగ్గించడం నిజంగా పనిచేసింది, ఆ తర్వాత పైసా లాభం లేదు. నా పంపు మీది మీటరు డిజిటల్ మీటరు కంటే 3 పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది కాబట్టి పై అంకెలన్నీ డిజిటల్ మీటరువే. ఇలాంటి పనికి ఎస్‌కేఎస్ ఎయిర్‌చెకర్ లాంటి, గాలి కొలిచే చిన్న డిజిటల్ పరికరం ఖరీదైన పంపు కంటే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. ఉదయం 30 పెట్టిన టైరు, ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగాక సుమారు 32 చూపుతుంది. ఈ తేడాను కూడా ఎండెక్కాక కొలిచి సరిచేశాను.

గాలి కాకపోతే మరేమిటి? కాగితం మీద లెక్క వేసి చూశాను. 16 శాతం వాలులో 83 కిలోలను పైకి లాగడానికి, గులకల రాపిడితో కలిపి, వెనుక టైరు నేల మీద సుమారు 140 న్యూటన్ల బలం చూపాలి. ఆ వాలులో బరువు వెనక్కి ఒరుగుతుంది. నా అంచనాలో కూర్చుని తొక్కేటప్పుడు దాదాపు 70 శాతం, అంటే సుమారు 570 న్యూటన్లు వెనుక చక్రం మీద ఉంటుంది. 140కి 570 అంటే పావు వంతే కాబట్టి సగటున పట్టు చాలాలి. అయితే పెడల్ బలం సగటుగా రాదు: పెడల్ ముందుకు వచ్చినప్పుడు రెట్టింపు దాకా పెరిగి, కిందికీ పైకీ నిటారుగా ఉన్నప్పుడు దాదాపు సున్నా అవుతుంది. అదే 140 ఒక్క క్షణం 280 అయితే నిష్పత్తి సగానికి చేరుతుంది. అడుగున గట్టి నేల, దాని మీద 2, 3 సెంటీమీటర్ల పదునైన అంచుల రాళ్లు వదులుగా పరచుకున్నచోట ఆ సగం నిలవడం కష్టం. నిలబడి తొక్కితే బరువు ముందుకు పోయి, తోపు ఇంకా గట్టిగా పడుతుంది; మూడో ప్రయత్నంలో నిలబడిన రెండో తోపుకే చక్రం జారడానికి కారణం ఇదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

అందుకే ఆరోసారి 28 పీఎస్‌ఐతో, సీటు ముక్కు మీదికి జరిగి, మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిల్ దగ్గరికి దించి, గడ్డి వేళ్లు రాళ్లను పట్టి ఉంచిన ఎడమ అంచు వెంట ఎక్కాను. పదకొండు మీటర్లు ఎక్కువ వచ్చాయి. మలుపు దాటాను కూడా! అయితే అప్పటికే పెడల్ వేగం నిమిషానికి 45 చుట్లకు పడిపోయింది. ముందు 40 పళ్లు, వెనుక 42 పళ్ల గేరులో ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతాను; 45 చుట్లంటే గంటకు 5.7 కి.మీ. ఆ వేగంలో ఒక్కో అర చుట్టుకు 0.67 సెకను పడుతుంది, మధ్యలోని బలహీన క్షణంలో సైకిల్ నెమ్మదించి, తర్వాతి తోపు కుదుపులా పడుతుంది. నా ఊహ ప్రకారం మిగిలిన లోపం ఇక్కడే ఉంది.

కాబట్టి చైన్‌రింగ్‌ను, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాన్ని, 36 పళ్లకు మారుస్తున్నాను. అదే వేగానికి 50 చుట్లు వస్తాయి, అర చుట్టు 0.6 సెకనుకు దిగుతుంది. నాలుగు పళ్లు తగ్గినందుకు చైన్‌లో ఒక జత లింకులు తీయాలి. గట్టి నేల మీద వేగం తగ్గుతుందని తోటివారు వారిస్తున్నారు గానీ, కొండ ఊళ్లలో తిరిగేవారికి 40 పళ్ల ఒంటి చైన్‌రింగ్ పెద్దదనే నేను గట్టిగా నమ్ముతున్నాను. షిమానో జీఆర్‌ఎక్స్‌లో 10 నుంచి 51 పళ్ల కాసెట్‌తో (వెనుక పళ్ల చక్రాల దొంతరతో) వచ్చిన పన్నెండు గేర్ల అమరిక నాకు నచ్చింది. ఇప్పుడున్న భాగాలు అరిగాక అదే తీసుకుంటాను. టైరు విషయంలో కూడా ఆలోచన ఉంది. నా వెనుక టైరు మధ్య భాగం దాదాపు నునుపు. ఫ్రేమ్‌లో 56 మిల్లీమీటర్ల చోటు కొలిచాను, 45 మిల్లీమీటర్ల మాక్సిస్ రాంబ్లర్ పెట్టినా రెండు వైపులా అయిదున్నర మిగులుతుంది. అయితే ముందు గేరు, ఆ తర్వాతే టైరు; రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

కొలుస్తూ నడిచినప్పుడు మరో సంగతి గమనించాను. ఈ ఎక్కుడు మనుషులూ మూటల పశువులూ నడిచిన కాలిబాట. అందుకే గుట్టను అడ్డంగా చుట్టకుండా నిటారుగా ద్వారం దాకా పోయింది. బరువైన బండ్లకు ఈ వాలు పనికిరాదు, వాటికి వేరే దారి ఉండి తీరాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వెతికితే, ఊరి వెనుక వైపు గుట్టను చుడుతూ ఎక్కే 1.3 కి.మీ. బాట గ్రేడ్ 3గా, అంటే గట్టి, మెత్తటి నేల కలిసిన బాటగా గుర్తించి ఉంది. అదే పాత బండి దారి కావచ్చు. వచ్చే ఆదివారం కొత్త చైన్‌రింగ్‌తో ముందు నిటారు బాటలో ఏడో ప్రయత్నం చేస్తాను, ఆ తర్వాత ద్వారం నుంచి ఆ బండి దారిన దిగి, ప్రతి 50 మీటర్లకూ కర్ర, రసమట్టం పెట్టి వాలు కొలుస్తాను.