నాకంటే నా రొయ్యలే నయం

మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. ఆరెకరాల్లో వనామీ రొయ్యలు వేస్తాను. రెండేళ్ళ కిందట నిమోనియా ముదిరి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. అంతకుముందు పది రోజులు నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు బిళ్ళలు తెచ్చుకోవడం, రెండేసుకుని ఒళ్ళు తేలికపడగానే మూడోది టీవీ పక్కన పడేయడం.

ఐసీయూలో గొంతులోకి గొట్టం దించి వెంటిలేటర్ పెట్టారు. ఆ రోజులు నాకు సరిగా గుర్తులేవు, మావాడు చెప్పిందే. నాలుగో రోజుకు ఎక్స్‌రే బాగుందన్నారట. ఐదో రోజు రాత్రి మళ్ళీ 103 జ్వరం. గొట్టంలోంచి కఫం తీసి, అందులో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కి పంపితే మూడు రోజులకు రిపోర్టు వచ్చింది: ఎసినెటోబాక్టర్ అనే బాక్టీరియా. ఇది ఇంటి దగ్గర పట్టుకున్నది కాదు, ఇక్కడ అంటుకున్నదే అని డాక్టరుగారు దాచకుండా చెప్పారట. మంచం కమ్మీ మీద, మానిటర్ బటన్ల మీద తడి లేకపోయినా వారాల తరబడి బతికే రకమట.

మావాడు అద్దంలోంచి చూస్తూ ఉండేవాడు. రాత్రి నలుగురు పేషెంట్లకు ఒక్క సిస్టర్. ఒకరికి కఫం లాగుతుంటే పక్క మంచం మెషీన్ కూసేది. ఆ పిల్ల అవే గ్లవ్స్‌తో అటు పరిగెత్తేది. మంచానికి తగిలించిన శానిటైజర్ సీసా నొక్కితే గాలి తప్ప ఏమీ రాలేదట. ఆ పిల్లను ఏమనగలం? నలుగురికి ఒక్కర్తిని పెట్టినవాళ్ళను అడగాలి.

రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది. వరసగా మందుల పేర్లు, పక్కన అక్షరం. మెరోపెనెమ్‌కి ఆర్. అమికాసిన్‌కి ఆర్. పేజీ కింద దాకా ఆర్‌లే, అంటే ఆ మందుకు లొంగదని. మిగిలింది ఒక్క కొలిస్టిన్.

గొట్టం తీశాక ఆ పేరు విని ఉలిక్కిపడ్డాను. 2019లో కోళ్ళకు, ఆక్వాకు, దాణాలో కొలిస్టిన్ వాడకూడదని కేంద్రం నిషేధించినప్పుడు మా ఫీడు షాపులో విన్న పేరే అది. మనుషులకు ఆఖరి మందుగా అట్టిపెట్టుకోవాలని ఆపారట. ఎప్పుడో 1950ల నాటి మందు. కిడ్నీలు దెబ్బతింటాయని ఒకప్పుడు పక్కన పెట్టేసి, వేరే దారి లేక మళ్ళీ బయటికి తీశారు. కిడ్నీల పనితీరు చెప్పే నా క్రియాటినిన్ 1.1 నుంచి 2.6కి ఎక్కింది. మూతి చుట్టూ తిమ్మిరి, నీళ్ళు తాగితే పెదవి పక్కనుంచి కారిపోయేవి. "ఏందయ్యా, చిన్నపిల్లాడి మాదిరి" అని మా ఇంటామె తువ్వాలుతో తుడుస్తూ నవ్వబోయి ఏడ్చేసింది.

పద్నాలుగు కిలోలు తగ్గి ఇంటికొచ్చాను. క్రియాటినిన్ మామూలు కావడానికి రెండు నెలలు, గుంట గట్టు మీద ఒక చుట్టు తిరగడానికి మూడు నెలలు పట్టింది. గొంతు బొంగురు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొన్న పట్టుబడికి ముందు శాంపిల్ రొయ్యలు తీసుకెళ్ళారు. యాంటీబయాటిక్ ఆనవాలు తేలితే సరుకు కొనరు. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. మావాడు చదవబోతే ఫోను లాక్కుని నేనే చూశాను. అన్నీ నెగెటివ్. టీవీ పక్కనున్న ఆ ఒక్క బిళ్ళ సంగతి అప్పుడు గుర్తొచ్చి వెతికితే, మా ఇంటామె ఎప్పుడో పారేసిందట.