రిఫరీ నిలబడే చోటు

2024 జూన్ 11 రాత్రి దోహాలో జరిగిన ఇండియా–ఖతర్ మ్యాచ్ చూసినవాళ్లెవరూ 73వ నిమిషాన్ని మర్చిపోయి ఉండరు. అది వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. 37వ నిమిషంలో ఛాంగ్టే కొట్టిన గోల్‌తో మనం ముందున్నాం. గెలిస్తే మూడో రౌండు దాదాపు ఖాయం. అప్పుడు మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపిన బంతి దొర్లుకుంటూ పోస్టు పక్కగా గోల్ లైన్ దాటి బయటికి పోయింది. ఖతర్ ఆటగాడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, యూసఫ్ ఆయ్‌మెన్ గోల్లోకి తన్నాడు, రిఫరీ గోల్ ఇచ్చేశాడు. 85వ నిమిషంలో రెండో గోల్ కూడా పడింది. మనం ఇంటిదారి పట్టాం.

ఆ రౌండులో వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి, లేదు. ఉండుంటే కాసేపట్లో తేలిపోయేది. మర్నాడే వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. పిల్లలు నన్ను చుట్టుముట్టి, "మేడం, టీవీలో మాకు కనబడింది, అక్కడే ఉన్న రిఫరీకి కనబడలేదా?" అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాను, ఇప్పుడు పిల్లలకు నేర్పిస్తున్నాను. కానీ రిఫరీ మైదానంలో ఎటు పరుగెత్తుతాడు, ఎక్కడ ఆగుతాడు, అక్కడే ఎందుకు ఆగుతాడు అన్నది నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్లకు సరైన జవాబు చెప్పాలంటే ముందు నేను తెలుసుకోవాలి. అందుకే రిఫరీల కోర్సు ఎప్పుడు పెడతారా అని కనుక్కుని పేరిచ్చాను.

వయసు ధ్రువపత్రం, మెడికల్ సర్టిఫికెట్, ఫొటోలు, ఫీజు. చేరడం పెద్ద కష్టమేమీ కాదు. నాతోపాటు డిగ్రీ చదివే కుర్రాళ్లు ఎక్కువమంది, ఒక రైల్వే ఉద్యోగి, ఆట మానేసిన ఒక గోల్‌కీపర్, నేను కాక ఇంకో అమ్మాయి ఉన్నారు. పాఠం చెప్పిన పెద్దాయన చాలా ఏళ్లు లీగుల్లో విజిల్ ఊదిన మనిషి. అందరం సార్ అనేవాళ్లం.

ఫుట్‌బాల్‌కు ఉన్నవి 17 నియమాలే. ఆయన మొదటివాటిని గబగబా ముగించి ఆఫ్‌సైడ్ (తనవాళ్లు బంతి తన్నే క్షణానికే డిఫెండర్లను దాటి గోల్ వైపు ఉండటం) చెప్పే 11, ఫౌళ్లు చెప్పే 12 మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. ఇన్నేళ్లు ఆడినా నాకు తెలియనివి అందులో ఎన్నో. ఉదాహరణకు, గోల్ కొట్టే స్పష్టమైన అవకాశాన్ని ఫౌల్‌తో అడ్డుకుంటే రెడ్ కార్డ్ అని అందరికీ తెలుసు. అది స్పష్టమైన అవకాశమో కాదో తేల్చాలంటే నాలుగు చూడాలి: గోల్ ఎంత దూరం, ఆట ఎటు సాగుతోంది, బంతి ఆ ఆటగాడి అదుపులో ఉంటుందా, డిఫెండర్లు ఎంతమంది ఎక్కడున్నారు. పైగా అదే ఫౌల్ పెనాల్టీ ఏరియాలో, బంతి కోసం ప్రయత్నిస్తూ చేసిందైతే పెనాల్టీతోపాటు ఎల్లో కార్డే. లాగినా, నెట్టినా, పట్టుకున్నా మాత్రం రెడ్ కార్డే. ఇదంతా ఒక్క చూపులో తేల్చి, విజిల్ నోట్లో ఉండగానే నిర్ణయం తీసుకోవాలి. రాత పరీక్షలో ఇలాంటి సందర్భాలే ఇచ్చారు. నియమం బట్టీ పడితే సరిపోదు, కథ చదివి కార్డు ఏదో, ఆట ఎలా మళ్లీ మొదలవుతుందో రాయాలి.

ఫిట్‌నెస్ పరీక్షకు నేను వర్షాకాలమంతా తెల్లారగట్ల ట్రాక్ మీద పరుగెత్తాను. ఫిఫా రిఫరీలకు పెట్టే పరీక్ష ఇలా ఉంటుంది: ముందు 40 మీటర్ల వేగ పరుగు 6 సార్లు, మధ్యలో కొద్దిపాటి విశ్రాంతి. తర్వాత 75 మీటర్లు పరుగు, 25 మీటర్లు నడక, అలా 40 సార్లు. మొత్తం 4 కిలోమీటర్లు. మాకు అంత కఠినంగా లేకపోయినా పద్ధతి అదే. నడక అన్నారు కదా అని అక్కడ తేలిగ్గా తీసుకుంటే తర్వాతి విజిల్‌కు గీత దగ్గరికి చేరలేం. పరుగు ఎందుకంత ముఖ్యమని మాలో ఒకరు అడిగితే సార్ చెప్పిన మాట నేను పుస్తకంలో రాసుకున్నాను: "నువ్వు సరైన చోట లేనప్పుడు నీ కళ్లు ఎంత మంచివైనా పనికిరావు."

వీఏఆర్ పాఠం కోసం మేమందరం ఎదురుచూశాం. మా మ్యాచ్‌ల్లో అది రాదని తెలుసు. అప్పటికి మన దేశపు పెద్ద లీగైన ఐఎస్ఎల్‌కే లేదు. అయినా సార్ ఒక పూటంతా దానికే ఇచ్చారు. 2018లో వీఏఆర్‌ను నియమాల పుస్తకంలో చేర్చారు, వరల్డ్ కప్పులో దాన్ని తొలిసారి వాడింది ఆ ఏడాది రష్యాలోనే. మా కోర్సు నాటికి అది నాలుగింటికే పరిమితం: గోల్, పెనాల్టీ, నేరుగా చూపిన రెడ్ కార్డ్, ఒకరికి చూపాల్సిన కార్డు ఇంకొకరికి చూపడం. వాటిలోనూ తప్పు కొట్టొచ్చినట్టు కనబడాలి, లేదా రిఫరీ అసలు చూడని పెద్ద సంఘటన అయ్యుండాలి. అన్నిటికన్నా నన్ను ఆపింది ఇంకో నియమం. వీఏఆర్ ఉన్నా రిఫరీ ముందుగా తన నిర్ణయం తాను చెప్పి తీరాలి. "ఏమో, వీడియో చూసి చెప్తా" అనే వీలే లేదు. వీడియో వచ్చేది ఆ నిర్ణయాన్ని సరిచూడటానికే.

ఆ నిర్ణయాన్ని ఎంత స్పష్టంగా చెప్పాలో చూపించడానికి ఆయన 2023 సెప్టెంబర్ 30న జరిగిన టోటెన్‌హామ్–లివర్‌పూల్ మ్యాచ్ తీసుకున్నారు. లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు, లైన్ మీదున్న అసిస్టెంట్ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాడు. వీఏఆర్ గదిలో గీతలు గీసి చూస్తే ఆఫ్‌సైడ్ కానే కాదు. కానీ గదిలో ఉన్న అధికారి, మైదానంలో గోల్ ఇచ్చారనే అనుకున్నాడు. అందుకే "చెక్ కంప్లీట్" అన్నాడు. మైదానంలో ఉన్నవాళ్లకు అది "మీ ఆఫ్‌సైడ్ సరైనదే" అన్నట్టు వినబడింది. ఆట మొదలైంది. కొన్ని క్షణాల్లో గదిలో అందరికీ విషయం తెలిసిపోయింది, ఆట ఆపమని రీప్లే ఆపరేటర్ అడిగాడు కూడా. ఆట మళ్లీ మొదలయ్యాక వెనక్కి వెళ్లే అధికారం నియమం ఇవ్వదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. తర్వాత విడుదల చేసిన ఆ ఆడియోను సార్ మాకు రెండుసార్లు వినిపించారు. అన్ని కెమెరాలున్నా, మైదానంలో ఇచ్చిన నిర్ణయం ఏమిటన్న ఒక్క ముక్క చెక్ ముగించేటప్పుడు ఎవరూ పైకి అనకపోవడంతో ఒక గోల్ పోయింది. ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో ఎవరు ప్రాక్టీసు మ్యాచ్ చేయించినా నిర్ణయం ముందు, కారణం తర్వాత. "గోల్ కిక్. చివరిగా తగిలింది ఎటాకర్‌కి." ఇప్పటికీ మ్యాచ్‌కు ముందు నా అసిస్టెంట్లతో మొదట మాట్లాడేది ఇదే.

పరీక్షలు పాసయ్యాక వెంటనే మధ్యలో నిలబెట్టరు. మొదట లైన్ మీద జెండా పట్టుకోవాలి. ఒకవైపు చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా కదలాలి, బంతి అతన్ని దాటి పోతే దానితోపాటు గోల్ లైన్ దాకా పరుగెత్తాలి. పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది. మధ్యలో ఉన్న రిఫరీ ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా తిరుగుతాడు. గోల్ ముందు పదిమంది గుమిగూడితే అతనికి కనబడేది కాళ్లు, వీపులే. నేల మీది గీతా, దాని మీది బంతీ కనబడేది గోల్ లైన్‌కు సూటిగా నిలబడ్డవాళ్లకు మాత్రమే. టీవీలో మనకు దొరికే చూపు మైదానంలో ఒక్క చోటే ఉంటుంది, ఆ చోటికి సమయానికి ఎవరో ఒకరు చేరాలి.

నేను మధ్యలో విజిల్ పట్టిన తొలి సీజన్లో అండర్-17 కుర్రాళ్ల మ్యాచ్ ఒకటి. కార్నర్ తర్వాత గోల్ ముందు గుంపు, బంతి గీత మీదికి దొర్లింది, డిఫెండర్ దాన్ని బయటికి కొట్టేశాడు. గోల్ అని అరుపులు. నేను లైన్ మీదున్న అసిస్టెంట్ వైపు చూశాను. ఆ కుర్రాడు బంతి వెంట పరుగెత్తి కార్నర్ జెండా దగ్గరికి వచ్చేశాడు, గోల్ లైన్‌కు సూటిగా ఉన్నాడు. జెండా కిందికే ఉంది, తల అడ్డంగా ఊపాడు. ఆట సాగనిచ్చాను.

బంతి బయటికి పోగానే కోచ్ ఫోన్ పట్టుకుని మైదానంలోకి వచ్చాడు. "మేడం, వీడియోల క్లియర్‌గ ఉంది, జర చూడుండ్రి. మీకు చేతులు జోడిస్త." ఆయన అబద్ధమాడటం లేదు. పిల్లల మీద ప్రేమతో అడుగుతున్నాడు. వెనకాల కుర్రాళ్ల కళ్లల్లో నీళ్లు. కానీ వీఏఆర్ లేని పోటీలో రిఫరీ వీడియో చూడకూడదు. ఒకరి ఫోన్ చూస్తే రెండో జట్టు ఫోన్ కూడా చూడాలి, ఎవరు తీశారో, ఏ వైపు నుంచి తీశారో తెలియని బొమ్మ మీద తీర్పివ్వాలి. "సార్, గోల్ లేదు. నా అసిస్టెంట్ గీత మీదున్నాడు. దయచేసి మీ చోటుకు వెళ్లండి" అన్నాను. ఆయన వెళ్లాడు. ఆ జట్టు 1-0తో ఓడింది.

మ్యాచ్ చూడటానికి వచ్చిన మా సార్ అంతా అయ్యాక ఆ కోచ్‌నీ నన్నూ కలిపి గోల్ పోస్టు దగ్గరికి పిలిచారు. వీడియో చూశారు. నిజంగానే బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి కనబడుతోంది. కానీ తీసింది గోల్‌కు ఇరవై గజాల దూరంలో, మైదానం మధ్య వైపు నిలబడి. సార్ ఒక బంతిని సున్నం గీత అవతల పెట్టారు. బంతి అడ్డకొలత సుమారు 22 సెంటీమీటర్లు. నేలను తాకే చోటు గీత బయటి అంచుకు 10 సెంటీమీటర్లు అవతల ఉన్నా, బంతి పొట్ట గీత మీదికి వాలే ఉంటుంది. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే గోల్. కోచ్‌ను వీడియో తీసిన చోట నిలబెట్టి, "ఏం కనబడుతోంది?" అని అడిగారు. "గోలే సార్." పోస్టు పక్కకు తెచ్చి వంగి చూడమన్నారు. ఆయన చాలాసేపు చూసి, "కాదు" అన్నాడు. ఆ రోజు బంతి దాటిందో లేదో ఆ వీడియో ఎప్పటికీ చెప్పలేదు. కెమెరా కూడా ఎక్కడో ఒకచోట నిలబడే చూస్తుంది.

ఖతర్ వరల్డ్ కప్పులో 2022 డిసెంబర్ 1న జపాన్–స్పెయిన్ మ్యాచ్‌లో ప్రపంచమంతా చూసింది ఇదే. గోల్‌కు ముందు జపాన్ ఆటగాడు మితోమా వెనక్కి లాగిన బంతి ఫొటోల్లో బయటికి పోయినట్టే ఉంది. పైనుంచి తీసిన బొమ్మలో మాత్రం అంచు ఇంకా గీత మీదే ఉంది. మైదానంలో ముందు గోల్ ఇవ్వలేదు, వీఏఆర్ చూశాక ఇచ్చారు. ఆ గోల్‌తో జపాన్ గెలిచింది, అదే గ్రూపులోని జర్మనీ ఇంటికి పోయింది. అదే సమయంలో జర్మనీ–కోస్టారికా మ్యాచ్‌లో విజిల్ పట్టింది స్టెఫానీ ఫ్రపార్. పురుషుల వరల్డ్ కప్ మ్యాచ్ నడిపించిన తొలి మహిళ ఆమే, లైన్ మీద ఇద్దరూ ఆడవాళ్లే. ఆ రెండు మ్యాచ్‌ల గురించి మా స్కూలు ఆడపిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఆ వరల్డ్ కప్పులో ఆఫ్‌సైడ్ కోసం స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులను సెకనుకు 50 సార్లు పట్టుకున్నాయి. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. మన జిల్లా లీగులకు అది అక్కర్లేదు. 2024లో ఫిఫా ఇంకో పద్ధతిని ప్రయత్నించడం మొదలుపెట్టింది. దాని పేరు ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్. ప్రత్యేక గది ఉండదు, వీడియో రిఫరీలు ఉండరు. కోచ్‌కు మ్యాచ్‌కు రెండు అభ్యర్థనలు, రిఫరీ స్వయంగా పక్కకు వెళ్లి ఉన్న కొద్ది కెమెరాల బొమ్మ చూసి నిర్ణయిస్తారు. ఆ ఏడాది కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల వరల్డ్ కప్పులో వాడారు. మన దేశంలో ఏదైనా వస్తే ముందు రావాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. తప్పు జరిగిందని కోచ్ గౌరవంగా అడగడానికి అందులో ఒక దారి ఉంది. ఫోన్ పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాల్సిన పని లేదు.

అది వచ్చేలోపు మా సంఘం పెద్దలను నేను అడుగుతున్నది ఒక్కటే. ప్రతి లీగ్ మ్యాచ్‌కు రెండు గోల్ లైన్లకు సూటిగా స్టాండ్ మీద చెరొక కెమెరా. నిర్ణయాలు మార్చడానికి కాదు, మ్యాచ్ అయ్యాక రిఫరీలు కూర్చుని చూసుకోవడానికి. తర్వాతి స్థాయి పరీక్షకు నేను ఇప్పుడు చదువుతున్నాను. మా స్కూల్లో పదో తరగతి చదివే ఒకమ్మాయి జెండా పట్టడం నేర్చుకుంటోంది, వచ్చే కోర్సుకు తన పేరు నేనే ఇస్తున్నాను.