ఓరుగల్లు ఎండలో ఇంజిన్‌కు చల్లగాలి

హనుమకొండలో కార్ల సామాను అమ్మే దుకాణాల్లో శంకువు ఆకారంలో మెరిసే ఎయిర్ ఫిల్టర్‌ను ముందు వరుసలో పెడతారు. “గిది పెట్టుర్రి సార్, పికప్ మస్తు పెరుగుతది, మైలేజీ గూడ వస్తది” అన్న మాట కూడా దానితోపాటే వస్తుంది. నా 1.2 లీటర్ల పెట్రోల్ కారుకు గాలి వచ్చే దారిని నేనే ఇంటి దగ్గర మార్చుకున్నాను గాని, ఆ శంకువును మాత్రం కొనలేదు.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి పీల్చుకుంటుంది కనుక, నిమిషానికి 6,000 చుట్ల వేగంలో నా ఇంజిన్‌కు నిమిషానికి గరిష్ఠంగా 3,600 లీటర్లు కావాలి. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె, అందులోని కాగితపు ఫిల్టర్ ఆ గాలిని ఎంత అడ్డుకుంటున్నాయో తెలుసుకోవడానికి మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు సరిపోతుంది. దానిలో రంగు నీళ్లు పోసి, రెండు నిలువు చేతులు ఒక్కొక్కటి మీటరుకు తగ్గకుండా యు ఆకారంలో పలకకు కట్టి, ఒక కొసను ఫిల్టర్‌కు, థ్రాటిల్‌కు (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకొని ఇంజిన్‌లోకి గాలిని వదిలే రేకుకు) మధ్యనున్న గొట్టానికి తగిలించి, రెండోదాన్ని బయటి గాలికి వదిలేయాలి. ఖాళీ రోడ్డు మీద ఒకరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కుతుంటే, పక్కన కూర్చున్నవారు పైపు రెండు చేతుల్లోని నీటి మట్టాల తేడా చూసుకోవచ్చు. వాతావరణ పీడనం దాదాపు పది మీటర్ల నీటి ఎత్తుకు సమానం కాబట్టి ప్రతి 10 సెంటీమీటర్ల తేడా ఒక శాతం నష్టం కింద లెక్క. నా కారులో అది జానెడుకు మించలేదు. పెట్టెతో సహా మొత్తం తీసి పారేసినా దక్కేది రెండు శాతం చిల్లర.

వేడి సంగతి అలా కాదు. గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేదానికి) విలోమంగా మారుతుంది కనుక, 40 డిగ్రీల గాలి 70 డిగ్రీలకు చేరేసరికి సుమారు తొమ్మిది శాతం పలచబడుతుంది. పైగా, లోపలికి వచ్చే గాలి వేడెక్కిందని సెన్సార్ చెప్పగానే, నాకింగ్ (ఇంధనం తనంతట తానే అంటుకొని టకటకమనడం) రాకుండా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ పడే సమయాన్ని, కొంత వెనక్కి జరుపుతుంది, దాంతో శక్తి ఇంకా తగ్గుతుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 44 డిగ్రీలు నమోదవుతున్నప్పుడు, కాజీపేట వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద తెరిచి ఉన్న శంకువు ఏ గాలిని పీలుస్తుందో చెప్పనక్కరలేదు. మైలేజీ మాట మరీ వింత: మామూలు వేగంలో థ్రాటిల్ రేకు సగానికి పైగా మూసుకొని తానే గాలిని అడ్డుకుంటూ ఉంటే, ఫిల్టర్ అడ్డు తగ్గించి మిగిల్చేది ఏముంటుంది?

అందుకే పెట్టెను అలాగే ఉంచి, దాని నోటిని గ్రిల్ వెనుకకు తెచ్చాను. గొట్టం అడ్డుకోత వైశాల్యం థ్రాటిల్ నోటికన్నా తగ్గకూడదు. ప్లంబింగ్ పీవీసీ చవకే గాని, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి ఎగ్జాస్ట్ వైపు పనికిరాదు. అక్కడ వేడిని తట్టుకునే సిలికాన్ గొట్టం వేసి, పెట్టెకు ఇంజిన్ వైపున అల్యూమినియం రేకు అడ్డుపెట్టాను. ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిరిని గాలి దారిలోకి పంపే క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టాన్ని ఎక్కడిది అక్కడే బిగించడం తప్పనిసరి. కారు కంప్యూటర్‌కు తగిలించి సెన్సార్ల అంకెలు చదివే ఓబీడీ స్కానర్‌లో చూస్తే, కదులుతున్న కారులో గాలి ఉష్ణోగ్రత ఇప్పుడు బయటి వేడికి దగ్గరగానే ఉంటోంది. సిగ్నల్ దగ్గర ఎలాగూ పెరుగుతుంది, కాకపోతే బండి కదిలాక త్వరగా దిగుతోంది.

చల్లగాలి దొరుకుతుందని కొందరు గొట్టాన్ని బంపర్ అడుగుకు దించుతారు. 2023 జూలైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునగడం చూసినవారు ఆ పని చేయరాదు. నీరు గాలిలా నొక్కుకుపోదు కనుక, సిలిండర్‌లోకి చేరితే పిస్టన్‌ను పట్టుకొని ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆ నష్టానికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు, ఇంజిన్ రక్షణకు విడిగా ప్రీమియం కట్టాలి. హెడ్‌లైట్ ఎత్తుకు దిగువన నోరు పెట్టకపోవడమే క్షేమం. మార్పు చేసే ముందు బీమా పత్రాన్ని, వారంటీ షరతులను ఒకసారి చదువుకోవడం కూడా అవసరమే.

ఇక దుమ్ము. చెలక నేలల ఎర్రమట్టి, కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల వెంట లేచే రాతిపొడి, రెండింటిలోనూ ఉండే సిలికా పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. ఈ ప్రాంతంలో కాగితపు ఫిల్టర్‌ను నేను వదలకపోవడానికి ఇది రెండో కారణం. నూనె పూసిన కాటన్ ఫిల్టర్ కడిగి వాడుకోవచ్చన్నది నిజమే గాని, నూనె ఎక్కువైతే లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో, ముఖ్యంగా డీజిల్ బండ్లలో, దాని సన్నని తీగకు అంటుకొని లెక్క తప్పిస్తుంది. ఏ ఫిల్టర్ వాడినా, పని పూర్తయిన కొన్ని వారాల తర్వాత థ్రాటిల్ వైపు గొట్టం లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు ఎర్రటి జీర అంటితే ఫిల్టర్ అంచు రబ్బరో, గొట్టం క్లిప్పో సరిగా కూర్చోలేదన్నమాట. అది సరిచేసేదాకా బండిని మట్టిరోడ్డు ఎక్కించకూడదు.