గ్రూప్‌-1 వ్యాసం, మా రూమ్మేట్‌తో జీవో 111 పంచాయితీ

తెలంగాణ గ్రూప్‌-1 మెయిన్స్‌లో జనరల్‌ ఎస్సే పేపర్‌ 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి దాదాపు వెయ్యి పదాలు. హైదరాబాద్‌లో కోచింగ్‌ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్‌లో దీనికి రెడీమేడ్‌ మందు దొరుకుతుంది: ఏ టాపిక్‌కైనా అతికే ఉపోద్ఘాతం, మధ్యలో లాభనష్టాలు, చివర్లో 'సమతుల్య దృక్పథం అవసరం'. అటూ ఇటూ తలూపి ఏదీ తేల్చని ఆ రాతలు నాకు పడవు. ఒక పక్షం పట్టుకుని రాద్దామని జీవో 111 తీసుకున్నాను.

1996లో వచ్చిన ఆ జీవో హైదరాబాద్‌ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల దాకా పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. 84 ఊళ్లు దాని కిందికొస్తాయి. 2022లో ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేసింది. ఎత్తేయడం తప్పని నా వాదన.

చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రాసింది మా రూమ్మేట్‌కిచ్చాను. వాళ్లది చేవెళ్ల దిక్కు, 111 కింద ఉన్న ఊరే.

"మంచిగనే రాసినవ్‌ గని, మా నాయిన సూస్తే కాయితం చింపుతడు" అన్నాడు. "పక్కూర్లె భూములు ప్లాట్లయినయి, మాకు లేఅవుట్‌ చెయ్యనియ్యకపాయె. ఆ చెర్ల నీళ్లే పట్నమంతా తాగుతున్నదా ఇప్పుడు?"

నిజమే. నగరానికి నీళ్లిప్పుడు ప్రధానంగా కృష్ణా, గోదావరి, మంజీరాల నుంచే. మన తర్కశాస్త్రంలో సిద్ధాంతానికి (మన తీర్మానానికి) ముందు పూర్వపక్షం (అవతలివాడి వాదన) పెడతారు. సరే, వాడి మాటనే రెండో పేరాగా రాశాను. వాడికి చూపించి, 'అవును, నేననేది ఇదే' అనేదాకా దిద్దాను. ఆ పేరా రాయడమే అన్నిటికన్నా కష్టమైంది. అవతలివాడి మాటను కాస్త పలచన చేసి రాయాలని చెయ్యి లాగుతూనే ఉంటుంది.

అలా పూర్తిగా రాశాకే అందులో చెప్పకుండా వదిలేసిన మెట్టు కనబడింది. 'తాగునీటికి అవసరం లేదు కాబట్టి ఆంక్షలు వద్దు' అంటే, ఆ జలాశయాలున్నది తాగునీటికే అని ముందే ఒప్పేసుకున్నట్టు. కానీ 1908 సెప్టెంబర్‌ 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సూచనలతో వరద ఆపడానికి కూడా మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ (1927) కట్టారు. దొరికింది జవాబు అనుకున్నాను.

"కట్ట కట్టిన్రు గదా, చుట్టూ ఇండ్లు లేస్తే వరదకేందిరా?" అన్నాడు వాడు.

హేతువుకూ తీర్మానానికీ మధ్య లంకె నేనూ వదిలేశాను మరి. సిమెంటు పరిచిన నేల వాననీటిని ఇంకించుకోదు, పారే నీళ్లు ఎక్కువై ఒక్కసారే వచ్చి పడతాయి. వాగులు పూడ్చి కట్టిన చోట అవి ఇళ్లలోకి మళ్లుతాయి. గేట్లు ఒక్కసారిగా ఎత్తాల్సి వస్తే దిగువన ఉన్నది నగరం. ఈ మూడు వాక్యాలు చేరాకే వ్యాసం నిలబడింది.

ఉస్మానియా ఆస్పత్రి దగ్గరి చింతచెట్టును మొదటి పేరా నుంచి తీసి ఇక్కడికి మార్చాను. 1908 వరదలో దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది బతికారంటారు. మొదట్లో పెడితే కన్నీళ్ల కోసం పెట్టినట్టుంటుంది. కారణం చెప్పాక పెడితే అదే చెట్టు సాక్ష్యమవుతుంది. రెండు రకాలుగానూ చదివి చూసుకున్నాను, తేడా చాలా ఉంది.

రూమ్మేట్‌ గోస మాత్రం మిగిలిపోయింది. ఊరోళ్ల భూమి కట్టేసి నగరం క్షేమంగా ఉండటం న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు. అందుకే తీర్మానాన్నే మార్చాను: ఆంక్షలుండాలి, ఆ రైతులకు ఏటా పరిహారమూ ఉండాలి.

"ఎవలిస్తరు పైసలు?"

దిగువన మూసీ పక్క కట్టే ప్రతి అపార్ట్‌మెంట్‌ అనుమతి రుసుములో కొంత వాటా అని రాశాను. వాడింకా ఒప్పుకోలేదు. ఎకరానికెంతో లెక్క తేల్చమంటున్నాడు.