అమికలోలాలో మామయ్యగారి ప్రశ్నలు

ఇండియా నుంచి వచ్చిన అత్తమామల్ని వారాంతాల్లో ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది అమెరికాలో అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తెలిసిన తిప్పలే. గుళ్ళు అయ్యాయి, అక్వేరియం అయింది, కోకా కోలా మ్యూజియం అయింది. కాస్ట్‌కో ఎలాగూ వారం వారం ఉంది. ఇక మిగిలినవి ఉత్తరాన కొండలు. మేముండే కమింగ్ నుంచి 400 రోడ్డెక్కి డాసన్‌విల్ దాటితే గంట లోపే అమికలోలా ఫాల్స్ స్టేట్ పార్క్. కారుకి పార్కింగ్ రుసుము ఉంటుంది. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ డబ్బాల్లో సర్దుకుని మార్చి నెలలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం.

మార్చి అని ఊరికే చెప్పడం లేదు. అందరూ అక్టోబరులో ఆకుల రంగుల కోసం ఎగబడతారు, ఆ రోజుల్లో పార్కింగ్ దొరకడమే గొప్ప. నన్నడిగితే మార్చే మేలు. చెట్లకి ఇంకా ఆకులు రావు కాబట్టి కొండ ఆకారం మొత్తం కనిపిస్తుంది. చలికాలపు వానలకి నీళ్ళు నిండుగా ఉంటాయి. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

జలపాతం ఎత్తు 729 అడుగులు. ఈ అంకె వినగానే మామయ్యగారు, "తలకోన 270 అడుగులేనమ్మా, దానికి రెండున్నర రెట్ల పైనే అన్నమాట!" అన్నారు. లెక్క సరైనదే. కానీ తలకోనలో నీళ్ళు ఒక్క దూకున కిందికి పడతాయి. ఇక్కడ అలా కాదు. లిటిల్ అమికలోలా క్రీక్ అనే వాగు రాతి అంచుల మీంచి తడవ తడవగా జారుతూ దిగుతుంది. ఆ అంచులన్నీ కలిపితే 729. మొత్తం ఒకేసారి చూడాలంటే కింద, దూరంగా నిలబడాలి. దగ్గరికి వెళ్ళేకొద్దీ ముక్కలుగానే కనిపిస్తుంది. అంకె చూసి వెళ్ళినవాళ్ళు కొంచెం నిరాశపడేది ఇందుకే.

పైకి వెళ్ళడానికి 604 మెట్లు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే ఆవిడకి ముందే టెన్షన్. తల్లిదండ్రుల్ని తీసుకొచ్చేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది. వెస్ట్ రిడ్జ్ అని కొండ మధ్యలో ఇంకో పార్కింగ్ ఉంది. అక్కణ్ణుంచి జలపాతం నడుమ ఉన్న వంతెన దాకా దాదాపు చదునైన దారి, పాత టైర్ల రబ్బరుతో వేసింది, కాలికి మెత్తగా ఉంటుంది. చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. మా ఆయన అత్తయ్యగారిని ఆ దారిన తీసుకెళ్ళారు. మామయ్యగారు, మా అమ్మాయి, నేను కింది నుంచి ఎక్కాం.

"అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాణ్ణి, ఇదెంత!" అని మొదలుపెట్టారు మామయ్యగారు. వంతెన వరకు వచ్చే 175 మెట్లలోనే రెండు బెంచీల మీద కూర్చున్నారు. తిరుమల మెట్లకీ వీటికీ తేడా ఏమిటంటే, అక్కడ మధ్యలో చదును దారులు వచ్చి కాళ్ళకి కాస్త విరామం ఇస్తాయి. ఇక్కడ నిచ్చెన వేసినట్టు నిటారుగా పోతాయి. పైగా గోవింద నామాలు లేవు, దారిలో బజ్జీలు లేవు.

వంతెన మీద అత్తయ్యగారు అప్పటికే కొంగు బిగించి నిలబడి ఉన్నారు, మొహం నిండా తుంపర. జలపాతాన్ని అనుభవించాలంటే చోటు ఇదే. పైనుంచి నీళ్ళు మీదికి వస్తున్నట్టుంటాయి, కాళ్ళ కింద నుంచి మళ్ళీ జారిపోతాయి. ఆ హోరులో మాట వినపడదు. ఫోటోలు తీసుకునేవాళ్ళ రద్దీ కూడా ఇక్కడే. చాలామంది ఇక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతారు, అలా తిరిగితే పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు. మిగతా 425 చిల్లర మెట్లెక్కి పైకి వెళ్తే జలపాతం కనిపించదు, ఎందుకంటే దాని నెత్తి మీదే నిలబడతాం. నీళ్ళు అంచు దాటి మాయమవడం, దక్షిణంగా ఎంతో దూరం పరుచుకున్న మైదానం కనిపిస్తాయి. మెట్లు వద్దనుకుంటే కారులో కూడా పైకి రావచ్చు. ఆ రోడ్డు మరీ నిటారు, దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి.

ఇక మార్చికి రెండో కారణం. ఇది జలపాతం ఒక్కటే ఉన్న చోటు కాదు. విజిటర్ సెంటర్ వెనక ఒక రాతి తోరణం ఉంది. దాని కింద నుంచి మొదలయ్యే దారి 8.5 మైళ్ళు నడిస్తే స్ప్రింగర్ మౌంటెన్ శిఖరం, 3,782 అడుగులు. అక్కణ్ణుంచి అపలాచియన్ ట్రెయిల్ అనే కాలినడక దారి మొదలవుతుంది. 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్ళు పోయి మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ఆగుతుంది. మొత్తం నడవాలంటే అయిదు నుంచి ఏడు నెలలు. అక్టోబరు మధ్యకల్లా కటాడిన్ చేరకపోతే చలి, మంచు. అందుకే ఇక్కడ బయల్దేరేవాళ్ళు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో బయల్దేరతారు.

తోరణం దగ్గర బ్యాగుల బరువు తూచుకునే కాటా ఒకటి వేలాడుతుంటుంది. మేము వెళ్ళేసరికి గడ్డం నెరసిన ఒకాయన తన బ్యాగు తగిలించి, అంకె చూసి మొహం చిట్లించి, ఒక్కో వస్తువూ బయటికి తీస్తున్నాడు. మామయ్యగారు అక్కడే ఆగిపోయారు. వంతెన దగ్గర పది నిమిషాలు నిలబడని మనిషి ఇక్కడ అరగంట కదల్లేదు. నేను మధ్యలో దుబాసీని.

"ఈయన ఉద్యోగం?" రిటైరయ్యాడట. "పెళ్ళాం పిల్లలు ఒప్పుకున్నారా?" ఆ ప్రశ్నని కాస్త మెత్తబరిచి అడిగాను. ఆయన నవ్వి, మా ఆవిడే కారులో దింపి వెళ్ళిందన్నాడు. "తిండెలా?" నాలుగైదు రోజులకోసారి దారికి దగ్గర్లో ఏదో ఒక ఊరు తగులుతుంది, అక్కడ దిగి కొనుక్కుంటారు. "పేరేమిటో అడుగు." ఇంకా రాలేదట! ట్రెయిల్ మీద అసలు పేర్లు వాడరు, తోటివాళ్ళు పెట్టిన మారుపేరుతోనే ఆర్నెల్లూ తిరుగుతారు. మామయ్యగారికి ఇది భలే నచ్చింది. "దీక్ష తీసుకుంటే స్వామీ అని పిలుచుకున్నట్టేగా" అన్నారు.

అసలు దెబ్బ చివర్లో తగిలింది. ఈ తోరణం నుంచి స్ప్రింగర్ దాకా నడిచే 8.5 మైళ్ళు అపలాచియన్ ట్రెయిల్ లెక్కలోకి రావు. చెట్ల మీద దారి గుర్తులు కూడా వేరు, ఇక్కడ నీలం గీతలు, అసలు ట్రెయిల్ మీద తెల్ల గీతలు. కావాలంటే అడవి రోడ్డున కారులో వెళ్ళి శిఖరానికి మైలు దూరంలో దిగే వీలుంది. అయినా చాలామంది ఇక్కణ్ణుంచే, 604 మెట్లు కూడా ఎక్కి మరీ వెళ్తారు. "లెక్కలోకి రాని నడక ఎందుకు నడవడం?" అని మామయ్యగారు అడిగితే, అందరూ తోరణం కింద నుంచే కదా బయల్దేరేది అన్నాడు ఆయన. మామయ్యగారు దానికి అడ్డం చెప్పలేదు. బయల్దేరిన ప్రతి నలుగురిలో ఒకరే చివరిదాకా చేరతారని నేను చెప్తే మాత్రం, "ఆ సంగతి ఈయనకి చెప్పకమ్మా" అన్నారు.

ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ గురించి నేను చెప్పింది అత్తయ్యగారి కోసం. 1955లో, 67 ఏళ్ళ వయసులో ఈ ట్రెయిల్ మొత్తం నడిచిన, పదకొండుమంది పిల్లల తల్లి. అప్పట్లో ట్రెయిల్ ఇంకాస్త దక్షిణాన ఉన్న మౌంట్ ఓగల్‌తోర్ప్ దగ్గర మొదలయ్యేది. 1958లోనే స్ప్రింగర్‌కి మారింది. ఆవిడ మామూలు కాన్వాస్ బూట్లు, చేత్తో కుట్టుకున్న ఒక సంచీ, వానకి కప్పుకోవడానికి బాత్రూమ్ కర్టెన్‌తో బయల్దేరి సెప్టెంబరుకల్లా కటాడిన్ ఎక్కేసింది. ఒంటరిగా ఆ దారంతా ఒకే ఏడాదిలో నడిచిన మొదటి ఆడమనిషి. అత్తయ్యగారు అంతా విని, "పదకొండుమందిని పెంచాక ఇదో లెక్కా, విశ్రాంతి కోసం వెళ్ళుంటుంది" అన్నారు.

ఈ కొండల్లో ఇష్టం లేని నడక కూడా జరిగింది. ఇవన్నీ ఇక్కడి ఆదివాసులైన చెరొకీల నేల. పక్కనే డలానిగా దగ్గర 1829 ప్రాంతంలో బంగారం బయటపడింది. 1838లో సైన్యం వాళ్ళని ఇళ్ళలోంచి లాగి, ఇప్పటి ఓక్లహోమా దాకా తోలింది. దారిలో వేలమంది పోయారు. చెరొకీ భాషకి లిపి తయారుచేసిన సెకోయా గురించి మా అమ్మాయి స్కూల్లో చదువుకుంది, తాతగారికి అదంతా తనే చెప్పింది. అమికలోలా, డలానిగా అన్న పేర్లు వాళ్ళ భాషవే.

మధ్యాహ్నం వాగు పక్కన బల్ల మీద పులిహోర తిన్నాం. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, చెత్తడబ్బాలకి గొళ్ళేలు అందుకే. ఆవకాయ డబ్బా మూత గట్టిగా పెట్టమని అత్తయ్యగారు అందరికీ హెచ్చరికలు జారీ చేశారు. పైన లాడ్జిలో రెస్టారెంటు ఉంది, కొండల దృశ్యం బాగుంటుంది. శాకాహారులు మాత్రం డబ్బా తెచ్చుకోవడమే మంచిది.

తిరుగు దారిలో మామయ్యగారు హైక్ ఇన్ గురించి పట్టుకున్నారు. జలపాతం పైనుంచి అయిదు మైళ్ళు నడిస్తేనే చేరగలిగే 20 గదుల బస అది. అతిథుల కార్లు అక్కడికి పోవు. గదుల్లో టీవీలుండవు, ఫోన్లు పక్కన పెట్టమంటారు, రాత్రి అందరూ పెద్ద బల్లల చుట్టూ కలిసి కూర్చుని తింటారు. శని, ఆదివారాలు చాలా ముందే నిండిపోతాయి. వాళ్ళ తిరుగు టికెట్ జూన్‌లో, అందుకని ఏప్రిల్ మంగళ, బుధవారాల్లో వెతుకుతున్నాను. అత్తయ్యగారు లాడ్జిలోనే ఉంటానన్నారు. మామయ్యగారు పొద్దున వాకింగ్‌కి ల్యాప్‌టాప్ సంచీలో రెండు బియ్యం పాకెట్లు వేసుకుని వెళ్తున్నారు.