పిడికిలి అన్నం

డిసెంబరులో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో దోసెల పిండి పులవాలంటే ఒకటే దారి. గిన్నెకు తువ్వాలు చుట్టి ఒండోల్ నేల మీద పెట్టాలి. ఇక్కడి ఇళ్ళలో నేల కింద వేడినీళ్ళ గొట్టాలుంటాయి, చలికాలమంతా పాదాల కింద గోరువెచ్చగా ఉంటుంది. 2024 డిసెంబరు 3 రాత్రి ఆ పని చేసి పడుకోబోతుంటే హన్మకొండ నుంచి అమ్మ ఫోన్.

"కొడుకా, మీ కాడ మిలిటరీ దిగిందట గదా. టీవీల చెప్తున్నరు. నువ్వు బయటికి పోకు బిడ్డా."

నాకేమీ తెలీదు. దక్షిణ కొరియాలో మంచు కురిసినా, పక్క పేటలో ఒక ముసలాయన తప్పిపోయినా ఫోన్ బీప్‌మని మెసేజ్ వస్తుంది. దేశమంతా మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టిన రాత్రి మాత్రం ఒక్కటీ రాలేదు. అధ్యక్షుడు యూన్ సక్ యోల్ రాత్రి 10 గంటల 27 నిమిషాలకు టీవీలో ప్రకటించాడు. మన దగ్గర ఏడు కావడానికి ఇంకా మూడు నిమిషాలుంది. అమ్మ ఏడింటి వార్తలు మిస్ కాదు.

పదకొండింటికి వచ్చిన ఉత్తర్వును పపాగో అనే అనువాద యాప్‌లో పెట్టి చదివాను. రాజకీయ కార్యకలాపాలు, సభలు, సమ్మెలు బంద్. పత్రికలు, టీవీలు సైన్యం అదుపులో. పని మానేసిన డాక్టర్లు 48 గంటల్లో డ్యూటీలో చేరాలి. డాక్టర్ల మీద కోపం కూడా ఇందులోనే తీర్చుకున్నాడేమో! ల్యాబ్ గ్రూపులో అందరూ మేలుకునే ఉన్నారు. ప్రొఫెసర్‌గారి నుంచి ఒక్కటే మెసేజ్: రేపటి మీటింగ్ యథాతథంగా తొమ్మిదింటికే. కొరియాలో నాలా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేసినవాళ్ళకి ఇది జోక్‌లా అనిపించదు.

ఆ తర్వాత ఎవరో తలుపు కొట్టారు. పైన ఉండే మా ఓనరమ్మ. అరవై దాటిన మనిషి, మామూలుగా చెత్త వేరుచేయలేదని తిట్టడానికి తప్ప నాతో మాట్లాడదు. రెండు నీళ్ళ సీసాలు నా చేతిలో పెట్టి, "కిటికీ దగ్గర నిలబడకు" అంది. కాసేపాగి, "అప్పుడు మా అమ్మ కిటికీలకు బొంతలు కట్టింది" అంది. ఏ 'అప్పుడో' ఈ ఊళ్ళో ఎవరూ అడగరు. 1980 మే.

1979 అక్టోబరులో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీని ఆయన గూఢచారి సంస్థ అధిపతే కాల్చి చంపాడు. పద్దెనిమిదేళ్ళ పాలన పోయింది, ఇక మంచిరోజులే అనుకున్నారు జనం. డిసెంబరు 12న చున్ దూ హ్వాన్ అనే జనరల్ సైన్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు, 1980 మే 17 అర్ధరాత్రి దేశమంతా మార్షల్ లా. తెల్లారి ఇక్కడి చొన్నామ్ యూనివర్సిటీ గేటు దగ్గర విద్యార్థులను పారాట్రూపర్లు చితకబాదారు. దెబ్బలు తిన్నవాళ్ళ కోసం ఊరు లేచింది. 20వ తేదీ సాయంత్రం టాక్సీలు, బస్సులు లైట్లు వేసుకుని వరసకట్టి గుమ్నమ్‌రో రోడ్డు మీదికొచ్చాయి. 21న రాష్ట్ర కార్యాలయం ముందు సైన్యం కాల్పులు జరిపింది. జనం తుపాకులు పట్టారు, సైన్యం ఊరు వదిలి చుట్టూ కాపు కాసింది. 27 తెల్లవారుజామున ట్యాంకులతో తిరిగొచ్చేదాకా ఊరిని ఊరే నడుపుకుంది. మార్కెట్లలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు రోడ్డు మీదే పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం వండి, ఉప్పు కలిపి, ముద్దలు చేసి పంచారు. ఆ ముద్ద పేరు జుమొక్‌బాప్. జుమొక్ అంటే పిడికిలి, బాప్ అంటే అన్నం. యాంగ్‌డాంగ్ మార్కెట్లో వండినవాళ్ళలో మా ఓనరమ్మ తల్లి ఒకరు.

నేను వారాంతాల్లో తిరిగేది ఆ గుమ్నమ్‌రో మీదే. అక్కడి జొనిల్ బిల్డింగ్ పేరు పక్కన 245 అని అంకె. వీధి నంబరూ అదే, దాని మీద మొదట లెక్కతేలిన 1980 నాటి తూటా గుర్తుల సంఖ్యా అదే. చాలావరకు పదో అంతస్తులోనే ఉన్నాయి. అంత ఎత్తుకు గుళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, హెలికాప్టర్ నుంచి తప్ప? చున్‌కు 1996లో ఉరిశిక్ష వేశారు, తర్వాత తగ్గించారు, 1997 చివర్లో క్షమించి వదిలేశారు. 2021లో పోయేదాకా ఆయన మాత్రం క్షమాపణ చెప్పలేదు.

ఈ దేశంలో ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. 1960లో మాసాన్ తీరంలో కంట్లో టియర్ గ్యాస్ గుండు దిగిన ఒక స్కూలు పిల్లాడి శవం తేలింది. రెండు వారాలకు అప్పటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ దిగిపోయాడు. 1987లో పోలీసులు పార్క్ జొంగ్ చొల్ అనే విద్యార్థిని హింసించి చంపి, 'బల్ల మీద గట్టిగా కొడితే చచ్చిపోయాడు' అన్నారు. ఆ జూన్‌లో లీ హన్ యోల్ అనే ఇంకో విద్యార్థి తలకు గ్యాస్ గుండు తగిలింది. అధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకునే హక్కు జూన్ 29న ఒప్పుకున్నారు, జులై 5న ఆ కుర్రాడు చనిపోయాడు. ఇక్కడి మంగ్వొల్‌డాంగ్ మట్టిలోనే ఉన్నాడు. 1980 మే 18 పోరాటంలో పోయినవాళ్ళ శ్మశానవాటికకు పోయే సిటీ బస్సు నంబరు 518.

ఆ రాత్రి సియోల్‌లో ఎంపీలు పార్లమెంటు గోడలు దూకారు. సిబ్బంది సోఫాలు అడ్డంపెట్టి, మంటలార్పే సిలిండర్లతో సైనికుల మీద పొగ కొట్టారు. ఒంటిగంటకు హాజరైన 190 మందీ మార్షల్ లా ఎత్తేయాలని ఓటేశారు. నాలుగున్నర అయ్యేసరికి అంతా ఐపోయింది. తొమ్మిదింటికి మీటింగ్ జరిగింది. నా స్లైడ్లలో ఒక గ్రాఫుకు స్కేల్ లేదని ప్రొఫెసర్‌గారు మందలించారు. మధ్యాహ్నం పీహెచ్‌డీ కుర్రాళ్ళంతా నిరసనకు చౌరస్తాకు పోయారు. నేను ఫర్నేస్ దగ్గర కూర్చున్నాను.

విదేశీయులు రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొనకూడదని ఇక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టం 17వ సెక్షన్. నాది ఈ-3 వీసా, పరిశోధకులకిచ్చేది. 2011లో కాకతీయ యూనివర్సిటీలో టియర్ గ్యాస్‌కు తడి రుమాలు కట్టుకుని ఉరికినవాణ్ణి, హైవే మీద వంటావార్పులో పొయ్యి రాజేసినవాణ్ణి. ఇక్కడ నోరు మూసుకుని ఫర్నేస్ ఎంత డిగ్రీలకు చేరిందో చూసుకుంటున్నాను.

డిసెంబరు 14 శనివారం, పార్లమెంటులో యూన్ అభిశంసన మీద ఓటింగ్ రోజు, ఇక ఉండబట్టలేక వెళ్ళాను. రోడ్డు మీదికి దిగకుండా ఫుట్‌పాత్ మీద ఒక బేకరీ ముందు నిలబడ్డాను. ఆడపిల్లల చేతుల్లో కొవ్వొత్తుల బదులు పాటల కచేరీల్లో ఊపే రంగు లైట్లు. సాయంత్రం ఐదింటికి స్క్రీన్ మీద అభిశంసనకు అనుకూలంగా 204 ఓట్లని పడింది, చౌరస్తా సంతోషంతో హోరెత్తింది. నా గొంతు దాకా కేక వచ్చింది, మింగేశాను.

పక్కనుంచి ఒకామె ట్రే పట్టుకుని వచ్చి, నా మొహం చూసి, అడగకుండానే ఒక ముద్ద చేతిలో పెట్టింది. వేడిగా ఉంది. ఉప్పు, నువ్వుల నూనె, పైన సముద్రపు నాచు పొడి. ఇది తినడం 17వ సెక్షన్ కిందికి వస్తుందో లేదో చూడలేదు. తినేసి, ఇంకొకటి అడిగాను.